వంగడం అదే, దిద్దింది లోపాన్నే

2023 జూలై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఒకటి రెండు రోజులు తిరక్కుండానే అమెరికాలోని ఇండియన్ స్టోర్లలో తెలుగువాళ్లు క్యూలు కట్టారు. బస్తాలు కార్లలో కుక్కుకుని పోతున్న వీడియోలు వాట్సాప్‌లో ఇక్కడి దాకా వచ్చాయి. కొన్ని షాపులు ఇంటికి ఒక్క బస్తాయే ఇస్తామని కాగితం అంటించాయి. నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు కానీ, ఆ హడావుడిలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. బాస్మతి మీద నిషేధం లేదు. థాయ్‌లాండ్ బియ్యానికి అక్కడ కరువు లేదు. ఆకలితో పడుకోవాల్సి వస్తుందన్న భయం ఎవరికీ లేదు. జనం పరిగెత్తింది సోనా మసూరి కోసం.

ఆహార భద్రత అనగానే టన్నులు, గోదాముల్లో నిల్వలు, హెక్టారు దిగుబడులు లెక్కలోకి వస్తాయి. తినేవాడి నాలుక ఆ లెక్కల్లో కనిపించదు. వ్యవసాయ పరిశోధన కూడా చాలాకాలం దాన్ని పక్కన పెట్టింది, పెట్టినప్పుడల్లా దెబ్బతింది. తెలుగు నేల మీద పుట్టిన రెండు వరి వంగడాలు, బాపట్ల సాంబ మసూరి, మార్టేరు స్వర్ణ, ఈ సంగతి అర్థం కావడానికి చాలు. రెండింటికీ అటూ ఇటూగా నలభై ఏళ్ల వయసు. ఇప్పటికీ పొలాల్లో ఉన్నాయి. వీటిని తప్పించి కొత్త రకం తేవాలన్న ప్రయత్నాలు ఎన్నో జరిగాయి. వీటినే ఉంచుకుని, ఒక్కో లోపాన్ని పట్టి దిద్దిన ప్రయత్నాలు కొన్నే. వరి పరిశోధనలో గత ఇరవై ఏళ్లలో చెప్పుకోదగ్గ పని ఆ కొన్నింటిలోనే జరిగిందనిపిస్తుంది.

అక్షరాల్లో ఊరి పేరు

విత్తనాల షాపులో సంచుల మీద రాసి ఉండే ఇంగ్లిష్ అక్షరాలు నిజానికి ఊళ్ల పేర్లు. బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మార్టేరు, ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్, జేజీఎల్ జగిత్యాల, ఎన్ఎల్ఆర్ నెల్లూరు, డబ్ల్యూజీఎల్ వరంగల్. ఏ పరిశోధన కేంద్రంలో పుట్టిందో దాని ఇంటిపేరు పెట్టి, పక్కన ఒక నంబరు వేస్తారు. ఎంటీయూ 7029కి స్వర్ణ అని, ఎంటీయూ 1010కి కాటన్‌దొర సన్నాలు అని, బీపీటీ 5204కి సాంబ మసూరి అని ముద్దు పేర్లున్నాయి. రైతు మాత్రం 'ఈ ఏడు బీపీటీలు వేశాం' అని తేల్చేస్తాడు. బాపట్ల కేంద్రం ఇంకా చాలా రకాలు ఇచ్చింది గానీ, బీపీటీ అనే మాట ఒక్క 5204కే అతుక్కుపోయింది.

సోనా మసూరి సంగతి ఇంకాస్త తమాషా. పుస్తకం ప్రకారం అది బీపీటీ 3291, వేరే వంగడం. బజారులో అది ఒక వంగడం పేరుగా ఎప్పుడో పోయి, సన్నగా, తేలిగ్గా, పొడిపొడిగా ఉడికే బియ్యానికి వ్యాపార నామంగా మిగిలింది. కర్నూలు సోనా అని అమ్మేది కూడా చాలావరకు 5204యే. డాలస్‌లో బస్తా మోసుకుపోయిన మనిషికి తాను మోస్తున్నది ఏ నంబరో తెలియదు. ఉడికాక తేడా వస్తే మాత్రం తెలిసిపోతుంది.

సాంబ మసూరి 1986లో విడుదలైంది. దాని పుట్టుకలో మూడు దేశాలు కలిశాయి. ఒక పక్క జీఈబీ 24, కోయంబత్తూరులో 1921 నాటి సన్న రకం, కిచిలి సాంబ అని కూడా అంటారు. రెండో పక్క తైవాన్ పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1. మూడోది మలేసియాలో 1965లో విడుదల చేసిన మసూరి. ఈ మసూరి మన దేశానికి వచ్చిన కొత్తలో, ఎత్తుగా పెరిగి పడిపోతోందని అధికారిక పరీక్షల్లో పక్కన పెట్టేశారు. ఆంధ్రలో ఒక వ్యవసాయ కూలీ ఆ విత్తనం కాస్త తీసుకెళ్లి వేసుకున్నాడని, అక్కణ్ణుంచి చేతులు మారుతూ ఊళ్లకు ఊళ్లు పాకిందని వరి పరిశోధకులు తరచూ చెప్పుకుంటారు. పరీక్ష పెట్టినవాళ్లు గడ్డి ఎత్తు చూశారు, కూలీ మనిషి అన్నం చూశాడు. స్వర్ణకు కూడా మసూరియే ఒక తల్లి. వశిష్ఠ రకంతో దాన్ని కలిపి మార్టేరులో తయారుచేసి 1982లో విడుదల చేశారు.

అంతకుముందు ఐఆర్ 8 వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, అందరూ ఇర్రి అంటారు, 1966లో ఇచ్చిన పొట్టి రకం. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు 1967లో దాన్ని వేసి హెక్టారుకు 7 టన్నుల దాకా పండించారు. ఆ రోజుల్లో అది నమ్మశక్యం కాని పంట. ఐఆర్ 8 దేశానికి కడుపు నింపింది, కాదనేవాళ్లు లేరు. కానీ లావు గింజ, దాని నడుమ సుద్దలా తెల్లటి పొట్ట, చల్లారితే గట్టిపడే అన్నం. పండించినవాళ్లు అమ్ముకుని, తమ ఇంటికి పాత రకం ఉంచుకున్నారు. కడుపు నిండటానికీ తృప్తిగా తినడానికీ మధ్య ఉన్న ఆ ఖాళీని ఇరవై ఏళ్ల తర్వాత పూడ్చింది సాంబ మసూరే.

మిల్లు గుమ్మం దగ్గర

కొత్త వంగడం దిగుబడి పది శాతం ఎక్కువ ఇస్తుందంటే రైతులు ఎగబడతారని పరిశోధన కేంద్రంలో కూర్చున్నవాళ్లకు అనిపించవచ్చు. ధాన్యం లోడు మిల్లుకు చేరినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే ఆ భ్రమ పోతుంది. అక్కడి మనిషి బస్తాలోకి బొంబు, అంటే మొనదేలిన గొట్టం, గుచ్చి గుప్పెడు వడ్లు తీస్తాడు. రెండు అరచేతుల మధ్య వేసి నలుపుతాడు, ఊక ఊదేస్తాడు. మిగిలిన గింజ పొడుగెంత, విరిగిందెంత, పొట్టతెలుపు ఉందా లేదా అని చూస్తాడు. ఒకటి రెండు గింజలు పంటి కింద వేసి కొరుకుతాడు, తేమ తెలుస్తుంది. ఇదంతా అరనిమిషం పని. తర్వాత అడిగే మాట ఒకటే, 'బీపీటీయేనా?' అవునంటే ఒక ధర. ఏదో కొత్త నంబరు చెప్తే ఇంకో ధర, అది తప్పకుండా తక్కువే.

అతణ్ణి తిట్టి లాభం లేదు. క్వింటాలు వడ్లు ఆడిస్తే ఎంత నిండు బియ్యం వస్తుంది, ఎంత నూక పోతుంది అన్నది అతనికి బీపీటీ విషయంలో ఏళ్ల తరబడి తెలుసు. ఆ బియ్యం నిల్వ ఉంచితే అన్నం ఎలా మారుతుందో, ఏ ఊరి హోల్‌సేల్ వ్యాపారి ఎంతకు కొంటాడో తెలుసు. కొత్త రకం గురించి ఏమీ తెలియదు. తెలియనిదానికి ధర తగ్గించడం వ్యాపారం. దాంతో పరిశోధకుడు పెంచిన దిగుబడి లాభం మిల్లు గుమ్మం దగ్గరే ఆవిరైపోతుంది.

ప్రభుత్వాలు కూడా ఈ నాలుక లెక్కను ఆలస్యంగానైనా ఒప్పుకుంటున్నాయి. తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నారు, 2025 ఉగాదికి రేషన్ షాపుల్లో సన్న బియ్యం పంపిణీ మొదలైంది. కోటా దొడ్డు బియ్యం తీసుకుని దాన్ని తిండికి వాడకుండా అమ్మేసుకునే అలవాటు అందరికీ తెలిసిందే. ఇచ్చిన బియ్యం ఇంట్లో ఉడక్కపోతే ఆ భద్రత కాగితం మీదే ఉన్నట్టు.

ఎండాకు తెగులు, కత్తెర, మూడు జన్యువులు

సాంబ మసూరికి లోపాలు లేక కాదు. పంటకాలం 150 రోజులకు దగ్గర. అగ్గి తెగులుకు లొంగుతుంది, సుడిదోమకు లొంగుతుంది. అన్నింటికన్నా ఎండాకు తెగులు దాన్ని పీడించింది. గాలివాన వచ్చిపోయిన వారానికి ఆకు కొన దగ్గర మొదలై, అంచుల వెంట అలలు అలలుగా పసుపు గీత కిందికి దిగుతుంది. పొద్దున్నే చూస్తే ఆకు మీద చిన్న చిన్న జిగురు బొట్లు కనిపిస్తాయి, అవి బ్యాక్టీరియా ముద్దలు. మధ్యాహ్నానికి ఎండి రాలి, కాలువ నీటిలో పక్క చేలోకి పోతాయి. కాపర్ ఆక్సీక్లోరైడ్, స్ట్రెప్టోసైక్లిన్ కలిపి కొట్టినా పెద్దగా లొంగదు. యూరియా ఎక్కువ వేసిన చేలో ఇంకా రెచ్చిపోతుంది. మందుతో పోని జబ్బుకు విత్తనంలోనే విరుగుడు ఉండాలి.

హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలకాలయం, ఇప్పుడు భారతీయ వరి పరిశోధన సంస్థ, కలిసి ఆ పని పట్టుకున్నాయి. రమేశ్ సొంటి, ఆర్.ఎం. సుందరం వంటి శాస్త్రవేత్తలు అందులో ముఖ్యులు. తెగులును తట్టుకునే జన్యువులు అప్పటికే తెలుసు. ఎక్స్ఏ 21 అనేది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. ఎక్స్ఏ 13 పనిచేసే తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మామూలు వరిలో ఈ బ్యాక్టీరియా, మొక్క తన చక్కెరను కణం బయటికి పంపే జన్యువు స్విచ్చి తానే నొక్కి, ఆ చక్కెర తాగి బతుకుతుంది. ఎక్స్ఏ 13 ఉన్న మొక్కలో ఆ స్విచ్చి ఆకారం కాస్త వేరు, బ్యాక్టీరియా వేలు అక్కడ పట్టదు. తిండి దొరక్క ఎండిపోతుంది. మూడోది ఎక్స్ఏ 5. ఒక్క జన్యువునే పెడితే కొన్నేళ్లకు తెగులు దాన్ని దాటుకోవడం నేర్చుకుంటుంది. మూడు తాళాలు ఒకేసారి పగలగొట్టడం దానికి కష్టం. అందుకే మూడూ పెట్టారు.

చెప్పడం తేలిక. వరి పువ్వు తనంతట తానే పరాగం పూసుకుంటుంది, దాన్ని ఆపడమే మొదటి పని. పువ్వు విచ్చుకోక ముందే గింజ పొట్టు కొన కత్తెరతో కోస్తారు. లోపల సన్నటి ఆరు పుప్పొడి తిత్తులుంటాయి, వాటిని పటకారుతోనో, సన్న గొట్టంతో గాలి పీల్చే యంత్రంతోనో తీసేస్తారు. ఒక్కటి మిగిలినా పని చెడినట్టే. వెన్నుకు బటర్ పేపర్ కవరు తొడుగుతారు. మర్నాడు పది, పదకొండు గంటలకు ఎండ కాసి రెండో మొక్క పూలు విచ్చుకున్నప్పుడు ఆ వెన్ను తెచ్చి, కవరులో దులిపి, మళ్లీ మూసేస్తారు. ఇంత చేస్తే వచ్చేవి కొన్ని గింజలు. ప్రతి గింజలోనూ సగం సాంబ మసూరి, సగం దాత మొక్క, అంటే తెగులును తట్టుకునే జన్యువులిచ్చిన మొక్క. ఆ గింజలతో వచ్చిన మొక్కను మళ్లీ సాంబ మసూరితో కలపాలి. అప్పుడు దాత వాటా నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇంకోసారి కలిపితే ఎనిమిదో వంతు. ఇలా నాలుగు సార్లు తిరిగి తిరిగి కలిపారు. పులుసులో ఉప్పు ఎక్కువైతే నీళ్లు పోసి పలచన చేసినట్టే గానీ, మూడు రాళ్లు మాత్రం కరక్కుండా అడుగున మిగలాలి.

ఆ మూడూ మిగిలాయో లేదో ఎలా తెలుస్తుంది? పాత పద్ధతిలో బ్యాక్టీరియా నీటిలో ముంచిన కత్తెరతో ఆకు కొనలు కోసి, రెండు వారాల తర్వాత ఎండిన మేర స్కేలుతో కొలుస్తారు. కానీ ఎక్స్ఏ 21 ఒక్కటి ఉన్నా మొక్క తట్టుకుంటుంది, మిగతా రెండూ ఉన్నాయా లేదా అన్నది బయటపడదు. పైగా ఎక్స్ఏ 5, ఎక్స్ఏ 13 తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పక్కలా వస్తేనే పనిచేసే రకం. అందుకే నారు దశలోనే చిన్న ఆకు ముక్క తెంపి, డీఎన్ఏలో గుర్తులు వెతికే పద్ధతి ఇక్కడ ప్రాణం పోసింది. ఎన్నో మొక్కల్లో పనికొచ్చే కొన్నింటిని ఏరి, మిగతావి పారేశారు. ఇందులో జన్యుమార్పిడి లేదు. వరితో వరిని కలపడమే.

మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. అన్నం అదే, గింజ అదే. తర్వాత దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, 51కి దగ్గర్లో ఉందని తేలడంతో షుగరు ఉన్నవాళ్ల బియ్యంగా కొంత పేరొచ్చింది. 2015లో విడుదలైన తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048, కూడా ఇదే మాట మీద బాగా అమ్ముడవుతోంది. ఇండెక్స్ తక్కువైనంత మాత్రాన కంచం నిండా రెండుసార్లు వడ్డించుకోవచ్చని కాదు, ఆ సంగతి ప్రకటనల్లో చెప్పరు.

పదిహేను రోజులు నీళ్లలో

స్వర్ణ సాంబ మసూరి అంత సన్నం కాదు. తక్కువ ఎరువుతో, తక్కువ ఆలనతో బాగా పండే రకం. మార్టేరులో పుట్టి, ఒడిశా, బెంగాల్, బిహార్, తూర్పు ఉత్తరప్రదేశ్ దాటి బంగ్లాదేశ్ దాకా పోయింది. అక్కడి పల్లపు భూముల్లో దాని శత్రువు వరద.

వరికి నీళ్లంటే ఇష్టమని అనుకుంటాం గానీ తల మునిగితే అది కూడా ఊపిరాడక చస్తుంది. మునిగిన మొక్కలో ఇథిలీన్ అనే వాయువు పోగవుతుంది. అది 'పైకి పెరుగు, గాలి అందుకో' అని మొక్కను తొందరపెడుతుంది. మొక్క తన దగ్గరున్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టి పొడుగు సాగుతుంది. నీరు తీసేసరికి సన్నగా, పాలిపోయి, నిలబడే ఓపిక లేక బురదలో వాలిపోతుంది. ఒడిశాలో ధల్‌పుతియా అనే నాటు రకం నుంచి ఏరిన ఎఫ్ఆర్ 13ఏ మాత్రం ఇందుకు పూర్తిగా వేరు. మునగ్గానే పెరగడం ఆపేసి, ఉన్నది దాచుకుని, కదలకుండా ఉంటుంది. నీరు పోయాక కొత్త ఆకు వేస్తుంది. ఈత రానివాడు కాళ్లు చేతులు కొట్టుకోకుండా ఊపిరి బిగబట్టినట్టు.

ఈ రకం గురించి పరిశోధకులకు దశాబ్దాలుగా తెలుసు. దానితో సంకరాలూ చేశారు. వచ్చినవి వరదను తట్టుకున్నాయి గానీ దిగుబడి లేదు, అన్నం బాగోదు. రైతులు తిప్పికొట్టారు. 1996లో డేవిడ్ మెకిల్, కెనాంగ్ షు అనే శాస్త్రవేత్తలు ఆ గుణం దాదాపుగా ఒకేచోట ఉందని కనిపెట్టారు. 2006లో ఆ జన్యువును, సబ్1ఏను, పట్టుకున్నారు. అమెరికా శాస్త్రవేత్త పమేలా రోనాల్డ్ ప్రయోగశాల కూడా ఆ పనిలో ఉంది. జన్యువు చిరునామా తెలిశాక ఎండాకు తెగులు విషయంలో చేసినట్టే, స్వర్ణలోకి దాన్నొక్కదాన్నే తెచ్చారు. ఆ పని వివరాలతో 2007లో వచ్చిన పరిశోధన పత్రానికి మొదటి రచయిత్రి హైదరాబాద్ వరి పరిశోధన సంస్థకు చెందిన సి.ఎన్. నీరజ. మార్టేరు స్వర్ణకు ఒడిశా నాటు రకం ఊపిరి అందించిన ఈ పెళ్లికి ఇర్రి వేదిక, తాంబూలాలు పుచ్చుకున్నవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 2009లో స్వర్ణ సబ్1 మన దేశంలో విడుదలైంది.

ఒడిశాలో దీని మీద జరిగిన అధ్యయనాలు వ్యవసాయ పరిశోధన ఎవరికి మేలు చేస్తుందన్న ప్రశ్నకు అరుదైన జవాబిచ్చాయి. 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, చేను పది రోజులు మునిగితే స్వర్ణ కన్నా స్వర్ణ సబ్1 దిగుబడి 45 శాతం ఎక్కువ. మునగకపోతే తేడా లేదు. ఆ ఊళ్లలో ఎక్కువగా మునిగే పల్లపు చేలు ఎవరివో చూస్తే, షెడ్యూల్డ్ కులాలవాళ్లవే ఎక్కువ. మంచి మెరక భూములు ఎప్పుడో పైకులాల చేతిలోకి పోయాయి. జన్యువుకు కులం తెలియదు గానీ నీటికి పల్లం తెలుసు కదా, అందుకే మేలు కిందివాళ్లకు ఎక్కువ చేరింది. పథకాల్లో ఎంత గట్టిగా రాసుకున్నా ఇంత కచ్చితంగా చేరడం కష్టం.

2016లో వచ్చిన ఇంకో అధ్యయనం దీనికన్నా ఆసక్తికరం. ఈ విత్తనం అందుకున్న రైతులు వరద రాని ఏడాది కూడా మారారు. ఎరువు కాస్త ఎక్కువ వేశారు, వెదజల్లడం మాని నాట్లు వేశారు, అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టారు. మునిగినా పంట పూర్తిగా పోదన్న ధైర్యం వాళ్ల చేత అది చేయించింది. మన డెల్టా సంగతి తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. ఎకరానికి ఇన్ని బస్తాలని కౌలు మాట్లాడుకున్న రైతుకు తుపాను వచ్చినా ఆ బస్తాలు తప్పవు. అలాంటివాడు ఏ ప్రయోగమూ చేయడు, తెలిసిన రకం వేసి, తెలిసిన మందు కొట్టి, దేవుడి మీద భారం వేస్తాడు. చదువుకున్నవాళ్లు దాన్ని వెనకబాటుతనం అంటారు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడి జాగ్రత్త అది.

కనిపించని మార్పును అమ్మడం ఎలా

ఈ దిద్దుబాటు వంగడాల బలమే వాటి బలహీనత కూడా. మెరుగైన సాంబ మసూరిని మిల్లువాడు బీపీటీగానే కొంటాడు, కాబట్టి ధర తగ్గదు. కానీ రెండు సంచులు పక్కపక్కన పెడితే ఏది పాతది, ఏది కొత్తదో ఎవరూ చెప్పలేరు. తెగులు రాని ఏడాది రెండు చేలూ ఒకేలా ఉంటాయి. వరద రాని ఏడాది స్వర్ణా, స్వర్ణ సబ్1 ఒకటే. గట్టు మీద నిలబడి 'అబ్బ, ఏం చేనురా' అనిపించే ఆకర్షణ వీటికి లేదు. పక్కింటి చేను ఎండిపోయి తన చేను పచ్చగా ఉన్న ఏడాది వచ్చేదాకా రైతుకు నమ్మకం కుదరదు. ఆ ఏడాది వచ్చాక విత్తనం కావాలని తిరిగితే దొరకదు.

దొరకకపోవడానికి కారణం ఉంది. వరి విత్తనం రైతు ఇంట్లోనే దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు, ఏటా కొనక్కర్లేదు. ప్రైవేటు కంపెనీకి హైబ్రిడ్లలో ఉన్న లాభం ఇందులో లేదు. కాబట్టి పరిశోధనా ప్రభుత్వ సంస్థలే చేయాలి, విత్తనమూ అవే పెంచాలి. పరిశోధన కేంద్రం ఇచ్చే మూల విత్తనం బ్రీడర్, దాన్నుంచి ఫౌండేషన్, దాన్నుంచి రైతుకు చేరే సర్టిఫైడ్, ఇలా ఒక్కో మెట్టుకు ఒక పంటకాలం పడుతుంది. ఏ మెట్టు మీద ఇండెంటు, అంటే ముందస్తు ఆర్డరు, తగ్గినా కింద సంచులు తగ్గుతాయి. ఏ రకం ఎంత కావాలని శాఖ అడుగుతుంది? కిందటేడు ఎంత అమ్ముడైందో చూసి అడుగుతుంది. కొత్త రకం కిందటేడు లేదు కాబట్టి ఈ ఏడూ ఉండదు. స్వర్ణ సబ్1 ఈ వలయంలోంచి బయటపడింది జాతీయ ఆహార భద్రతా మిషన్ కింద మినీకిట్లు ఉచితంగా పంచడం వల్ల. ఐదు కిలోల సంచి చేతిలో పెట్టి, 'ఓ మూల వేసి చూడండి' అనడం కన్నా మంచి ప్రచారం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

డబ్బు సంగతి. వ్యవసాయ పరిశోధన మీద పెట్టిన ప్రతి రూపాయికీ 13.85 రూపాయలు తిరిగొస్తుందని 2023-24 ఆర్థిక సర్వేయే చెప్పింది. అంత లాభం వచ్చే వ్యాపారంలో ఎవరైనా ఎగబడి పెట్టుబడి పెడతారు. ప్రభుత్వాలు మాత్రం పెట్టవు, ఎందుకంటే ఆ 13.85 వచ్చేసరికి పెట్టినవాళ్ల పదవీకాలం అయిపోతుంది. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ, ఇప్పుడు జాతీయ వరి పరిశోధన సంస్థ, 1946లో పుట్టింది, మూడేళ్ల ముందు బెంగాల్ కరువు లక్షల మందిని మింగాక. ఆకలి కళ్ల ముందు కనిపించినప్పుడు సంస్థలు కడతాం, అది కనుమరుగయ్యాక పోస్టులు ఖాళీగా ఉంచుతాం.

కమల

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ జన్యు సవరణతో తయారైన రెండు వరి రకాలను ప్రకటించారు. ఒకటి భారతీయ వరి పరిశోధన సంస్థ చేసిన డీఆర్ఆర్ ధాన్ 100, పేరు కమల. రెండోది ఢిల్లీ పూసాలోని వ్యవసాయ పరిశోధన సంస్థ చేసిన పూసా డీఎస్టీ రైస్ 1. దేశంలో ఇన్ని వందల వంగడాలుండగా, ఈ రెండింటికీ మూలంగా ఎంచుకున్నవి ఏవి? కమలకు సాంబ మసూరి. పూసా రకానికి ఎంటీయూ 1010, మన కాటన్‌దొర సన్నాలు. కొత్త టెక్నిక్ చేతికి వచ్చిన రోజున కూడా శాస్త్రవేత్తలు పాత స్నేహితుల దగ్గరికే వెళ్లారు.

ఈసారి బయటి నుంచి జన్యువు తేలేదు. సాంబ మసూరిలో ఉన్న సీకేఎక్స్2 అనే జన్యువునే, డీఎన్ఏను కోరిన చోట కోసే క్రిస్పర్ అనే కత్తెరతో చిన్నగా కోశారు. ఆ జన్యువు పని, వెన్నులో గింజల సంఖ్యను పెంచే సైటోకైనిన్ హార్మోనును విరగ్గొట్టడం. దాని చేతులు కట్టేస్తే హార్మోను నిలుస్తుంది, వెన్నులో గింజలు పెరుగుతాయి. దిగుబడి 19 శాతం ఎక్కువ, పంటకాలం 20 రోజులు తక్కువ అని సంస్థ చెబుతోంది.

దిగుబడి మాట అలా ఉంచి, ఆ 20 రోజుల విలువ చూడాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది సరిగ్గా బాపట్ల దగ్గరే. బీపీటీ పుట్టిన ఊరి చుట్టూ బీపీటీ చేలు కొన్ని కోతకొచ్చి నిలబడి, కొన్ని కోసి పనల మీద ఉన్నాయి. నీళ్లలో నానిన వెన్నులు మొలకెత్తాయి, గింజ రంగు మారింది. నవంబరు, డిసెంబరు నెలల్లో కోస్తాకు తుపాన్లు కొత్త కాదు, 150 రోజుల పంట సరిగ్గా ఆ దారిలో నిలబడుతోంది. 20 రోజులు ముందే కోసి కుప్ప వేసుకోగలిగితే, ఆ కుప్ప మీద టార్పాలిన్ కప్పుకోగలిగితే, ఏడాది కష్టం ఇంటికొస్తుంది. కాలువ నీళ్లు ఆలస్యంగా వదిలితే ఆ లాభం అంతా ఖర్చయిపోతుంది, అది విత్తనం చేతిలో లేదు.

విమర్శలూ వచ్చాయి. బయటి జన్యువు లేని ఇలాంటి సవరణలకు 2022 మార్చిలో కేంద్రం జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపే తప్పని జన్యుమార్పిడి వ్యతిరేక సంఘాలంటాయి. పరీక్షల గణాంకాలన్నీ బయట పెట్టాలని, క్రిస్పర్ మీద విదేశీ పేటెంట్లున్నందున రేపు విత్తనం మీద హక్కు ఎవరిదో తేల్చాలని అడుగుతున్నాయి. మొదటి అభ్యంతరం బలహీనంగా కనిపిస్తుంది. ఇలాంటి చిన్న కోతలు ప్రకృతిలోనూ జరుగుతాయి, జీఈబీ 24 కూడా అలా తనంతట వచ్చిన మార్పే. మిగతా రెండు ప్రశ్నలు మాత్రం న్యాయమైనవి, వాటికి జవాబు చెప్పకుండా సంచులు పంచితే అనుమానమే పండుతుంది. జన్యుమార్పిడి రకమైన బీటీ వంకాయ జనంలో అనుమానాలు తీరకే 2010లో ఆగిపోయింది, అది గుర్తుంటే చాలు.

ఇంకో ఇబ్బంది దీనికన్నా లోతైంది. బీపీటీని ఎన్నిసార్లు దిద్దినా అది బీపీటీయే. లక్షల ఎకరాల్లో ఒకే రక్తం ఉంటే, ఒక కొత్త తెగులు వస్తే అన్నిటినీ కలిపి కొడుతుంది. నీళ్లు నిలగట్టి, బోరు మోటారు రాత్రింబవళ్లు తిప్పి, యూరియా బస్తాలు గుమ్మరించే సాగును ఈ దిద్దుబాటు ప్రశ్నించదు, ఇంకొంతకాలం నడిపిస్తుంది. రేపు అవసరమయ్యే గుణం ఇప్పుడు ఎవరికీ పట్టని ఏదో నాటు రకంలో ఉండి ఉండవచ్చు. ధల్‌పుతియా గింజల్ని ఎవరో ఒకరు దశాబ్దాలపాటు దాచి, మళ్లీ మొలకెత్తించి, మళ్లీ దాచబట్టే స్వర్ణకు ఊపిరి దొరికింది. ఆ దాచేపనికి ప్రారంభోత్సవాలుండవు, ఫొటోలుండవు.

కమల విత్తనం పెంచి, సర్టిఫై చేసి, రైతు దాకా తేవడానికి కొన్నేళ్లు పడుతుంది. మొదటి పంట ఏదో ఒక మిల్లు గుమ్మానికి చేరుతుంది. అక్కడి మనిషి బొంబు గుచ్చి గుప్పెడు తీస్తాడు, నలుపుతాడు, ఊదుతాడు, ఒక గింజ పంటి కింద వేస్తాడు. అతనికి సైటోకైనిన్ గురించి తెలియదు. అడగాల్సింది మాత్రం అడుగుతాడు, 'బీపీటీయేనా?'